రేడియేటర్‌లో బోరు నీళ్లు

ఏప్రిల్ చివర్లో కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వెళ్తుంటే రెండు దృశ్యాలు కనిపిస్తాయి. సగం రోడ్డు మీద ఆరబోసిన యాసంగి వడ్లు ఒకటి. లింగంపేట దగ్గర ఏ చెట్టు కిందో బోనెట్ ఎత్తి నిలబెట్టిన పెళ్లివాళ్ల కారు రెండోది. పక్క పొలంలోని బోరు నుంచి ఒకరు సీసాతో నీళ్లు పట్టుకొస్తుంటారు. "పొయ్యన్నా, ఏం కాదు" అని ధైర్యం చెప్పేవాడూ అక్కడే ఉంటాడు.

అవుతుంది. మన బోర్లు రాతినేలలో వేసినవి, నీళ్లలో ఉప్పు ఎక్కువ. గీజర్ కాయిల్‌కు పట్టే తెల్లటి పొరే రేడియేటర్ సన్న గొట్టాలకూ పడుతుంది. పైగా నీళ్లు పోసేకొద్దీ కూలెంట్ పలచబడి, తుప్పును ఆపే గుణం పోతుంది. దారిలో గత్యంతరం లేక పోస్తే పోశారు, ఊరు చేరాక మొత్తం దింపించేయండి. కూలెంట్ సగం, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ సగం కలపాలి. కలిపి అమ్మే డబ్బాలూ ఉన్నాయి, వాటికి నీళ్లు అక్కర్లేదు. డబ్బా మీద రాసింది చదివి పోయండి.

మూత మాత్రం ఇంజిన్ పూర్తిగా చల్లారాకే తిప్పాలి. లోపలి ఒత్తిడి వల్ల నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఆగి ఉంటాయి. మూత వదులైన మరుక్షణం ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. కాగిన ఇంజిన్‌లో చన్నీళ్లు పోస్తే హెడ్ పగలొచ్చు కూడా.

గేజు ముల్లు ఎప్పుడు లేస్తోందో గమనిస్తే సగం జబ్బు ఇంట్లోనే తెలుస్తుంది. నిజాంసాగర్ చౌరస్తా ట్రాఫిక్‌లో లేచి, రోడ్డెక్కాక దిగిపోతుంటే ఫ్యాన్‌ను అనుమానించండి. ఇంటి ముందు బండి స్టార్ట్ చేసి ఏసీ వేస్తే చాలా కార్లలో ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే చూడాలి. చేతులు దూరంగా పెట్టుకోండి, బండి ఆపాక కూడా ఒక్కోసారి తిరుగుతుంది. అదే 44వ నంబరు హైవే మీద వేగంలో లేస్తుంటే కూలెంట్ తగ్గిందో, రేడియేటర్ మూసుకుందో, వాటర్ పంపు పనిచేయడం లేదో. ముల్లు లేచినప్పుడు హీటర్ పూర్తిగా తిప్పండి. వేడి గాలి వస్తే కూలెంట్ తిరుగుతోందని అర్థం, ఇంజిన్ వేడి కొంత దిగుతుంది కూడా. చల్లటి గాలే వస్తే ఇక ఒక్క అడుగు కూడా నడపకండి. లీకు కనిపించకుండా కూలెంట్ తగ్గుతూ, ఆయిల్ మూత కింద తెల్లటి నురగ ఉంటే అది ఇంట్లో తేలే పని కాదు.

షెడ్లలో ఒక పాత వైద్యం ఉంది. బండి హీటెక్కితే థర్మోస్టాట్ పీకి పారేయడం. "మన ఎండలకు అదెందుకు సార్" అంటారు. ఇంతకంటే చెడ్డ సలహా నేను వినలేదు. కూలెంట్ ఇంచుమించు 80, 90 డిగ్రీల మధ్యకు వచ్చేదాకా రేడియేటర్ దారి మూసి ఉంచేది అదే. అది లేకపోతే ఇంజిన్ సరిగా వేడెక్కక డీజిలో పెట్రోలో ఎక్కువ తాగుతుంది. డిసెంబరు తెల్లవారుజామున మంచులో బయల్దేరితే హీటర్ రాదు, అద్దం మీది ఆవిరి పోదు. అప్పుడు హీటర్ చెడిపోయిందని మళ్లీ అదే షెడ్డుకు వెళ్తాం. మూసుకుపోయిన థర్మోస్టాట్‌ను మార్పించాలి గానీ తీసేయించకూడదు.

ఇక ఏసీ. వడ్ల రోడ్ల మీద తిరిగే కారుకు ముందు గ్రిల్ వెనకున్న కండెన్సర్ సందుల్లో పొట్టు, దుమ్ము, పురుగులు ఇరుక్కుంటాయి. దాని వెనకే రేడియేటర్. రెంటికీ గాలి ఆడదు. బండి చల్లారాక పైపుతో మెల్లగా కడగండి, ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే రేకులు వంగిపోతాయి. క్యాబిన్ ఫిల్టర్ తీసి దులపండి. ఆ తర్వాతే "గ్యాస్" మాట. గ్యాస్ పెట్రోలులా వాడితే అయిపోయేది కాదు, తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. ఏటా వేసవికి ముందు నింపించుకుంటున్నవాళ్లు ఈసారి డబ్బులిచ్చే ముందు లీకు ఎక్కడుందో చూపించమనండి.