కట్టుబట్టపై మోపిన నేరము

2011 డిసెంబరు మాసాంతమున, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పోలీసు డైరెక్టర్ జనరల్ దినేశ్ రెడ్డి, వార్షిక పాత్రికేయ సమావేశమున అత్యాచారములు పెరుగుటకు గల హేతువులను వివరించుచు, పల్లెపట్టులందు సైతము స్త్రీలు సల్వార్ కమీజులు ధరించుచున్నారనియు, నవీన వేషధారణ ఇట్టి నేరములకు ప్రేరకమగుచున్నదనియు సెలవిచ్చిరి. పండ్రెండేండ్లు నిండకముందే, 2023 జూన్ నెలలో, హైదరాబాదునందలి ఒక మహిళా కళాశాలలో పరీక్షకు వచ్చిన విద్యార్థినులు తమచేత బురఖాలు తీయించిరని మొరపెట్టుకొనగా, తెలంగాణ హోంమంత్రి మహమూద్ అలీ, స్త్రీలు పొట్టి దుస్తులు ధరించినచో చిక్కులు కలుగుననియు, నిండుగా ధరించినచో జనులకు నెమ్మదిగా నుండుననియు పలికిరి. మొదటి ప్రసంగమున ఒడలెల్ల కప్పు సల్వారే దోషమైనది. రెండవదానియందు, ఎక్కువ బట్ట ధరించినందుకు ఆక్షేపణ పొందిన బాలికలకు తక్కువ బట్ట ధరింపరాదను హితబోధ లభించినది. రాష్ట్రము మారి, ప్రభుత్వము మారి, కాలము మారినను ఈ అభిప్రాయము మారకుండుటను బట్టి, ఇది ఒకరిద్దరి నోటి తొందరపాటుగాక, మన సమాజపు అంతరంగమున వేరూనిన విశ్వాసమని గ్రహింపవలసి యున్నది.

ఈ విశ్వాసమును, 2016 అక్టోబరు 11న పూర్వపు వరంగల్లు జిల్లానుండి వేరుపడిన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల జీవితముతో సరిచూచుకొందము. వానకాలమున నాట్లకు దిగిన ఆడకూలీలు చీర కుచ్చెళ్ళను మోకాళ్ళపైకి ఎగదోపుకొని దినమెల్ల బురదలో వంగి పనిచేయుదురు. మిరపకాయ ఏరునప్పుడు ఘాటునకును ఎండకును ఓర్వలేక, భర్తదో కొడుకుదో పాత పొడుగుచేతుల చొక్కాను చీరపై తొడుగుకొందురు. ఆ మోకాళ్ళను చూచి మర్యాద చెడినదని గట్టుపై నిలిచిన ఆసామి వాపోయినది లేదు. ఆ మగచొక్కాను చూచి సంప్రదాయము మంటగలిసినదని ఊరి పెద్దమనుషులు పంచాయతి పెట్టినదియు లేదు. ఆ కూలితల్లి కుమార్తెయే హన్మకొండలో చదువుకొనుచు, చొక్కాయు జీన్సు ప్యాంటును తొడిగి సెలవులకు ఇల్లు చేరినప్పుడు మాత్రము, అదే గట్టుపైనుండి అదే పెద్దరికము ఖాండ్రించి దగ్గును.

మహబూబాబాదు ప్రాంతపు తండాలలో వయసు మీరిన లంబాడా స్త్రీలు నేటికిని ధరించు పేటియా యను పావడను, కాంచళి యను రవికను, టుక్రి యను మేలిముసుగును గమనింపుడు. కాంచళి వీపును కప్పు రవిక కాదు. వెనుక దారములతో ముడివేసి కట్టుకొనునది. తరతరములుగా తండాలో దానిని సిగ్గుమాలిన వేషమన్నవారు లేరు. అదే స్త్రీ పట్టణపు బస్టాండులో దిగగనే ఎగాదిగా చూపులు ఆమెను చుట్టుముట్టును. ఆ చూపులకు తాళలేక మనుమరాలు చుడీదారునకు మరలినను చూపులు మరలవు. అవ్వను మొరటుదన్న నోరే మనుమరాలిని తెగించినదనును. వస్త్రము నిడివియే గౌరవమునకు కొలబద్దయైనచో, ఒకే దేహమునకు తండాలో ఒక న్యాయమును బస్టాండులో వేరొక న్యాయమును ఎట్లు కలుగును?

చరిత్ర చెప్పు సాక్ష్యము ఇంతకంటెను స్పష్టము. నిజాము పాలనాకాలమున గడీలలో ఆడబాపలుగా బ్రతుకు వెళ్ళదీసిన దాసీలును, వెట్టికి పోక తప్పని పనిపాటుల కులముల స్త్రీలును కట్టినది పూర్వాచారపు చీరయే; దొరల దౌష్ట్యమునుండి ఆ చీర వారిని కాపాడలేదు. జనగామ ప్రాంతపు పాలకుర్తిలో, ఊరివారి బట్టలుదుకు కులమునకు చెందిన చిట్యాల ఐలమ్మ, తాను కౌలునకు సాగుచేసిన పంటను విసునూరు దేశ్‌ముఖు రామచంద్రారెడ్డి మనుష్యులు కోసికొనిపోవచ్చినప్పుడు, ఆంధ్రమహాసభ సంఘము అండతో ఎదిరించి ధాన్యమును ఇల్లు చేర్చుకొన్నది. ఆ ఘట్టమునకు పూర్వమును పిదపను ఆమె వేషమొక్కటియే. మారినది ఆమె వెనుక నిలిచిన జనబలము, దానితోడనే ఆమె యెడల లోకము చూపిన మన్నన. 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయమునకు ఆమె పేరిడినప్పుడు ఆమె చీర కట్టును ఎవరును విచారింపలేదు. ఇక తిరువాన్కూరు సంస్థానమున నాడారు కులపు స్త్రీలు వక్షస్థలమును కప్పుకొనుటయే అపరాధమై, దశాబ్దముల కలహముల పిమ్మట 1859లో గాని రాజాజ్ఞచే వారికి ఆ హక్కు లభింపలేదు. కప్పుకొన్నందుకు ఒకచోట, కప్పుకొననందుకు మరియొకచోట శిక్షించిన చేయి బలవంతునిదే. బట్ట అతనికి దొరికిన మిష మాత్రమే.

వేషమే నేరమునకు మూలమనువారు, 2019 జూన్‌లో హన్మకొండలో తొమ్మిది నెలల పసికందుపై జరిగిన ఘాతుకమునకు ఏ వేషమును కారణముగా చూపగలరు? ఆ కేసులో క్రింది న్యాయస్థానము ఆగస్టులోనే మరణశిక్ష విధింపగా, హైకోర్టు దానిని జీవితఖైదుగా మార్చినది. ఏటేట వెలువడు జాతీయ నేర గణాంకములలో, అత్యాచార నిందితులలో నూటికి తొంబదిమందికి మించి బాధితురాలికి తెలిసినవారే యగుచున్నారు. ఇంటిలో, ఇరుగుపొరుగున, పనిచోట ఆమెను నిత్యము చూచుచుండు ఇట్టివారు త్రోవలో కంటబడిన కొత్త దుస్తులకు మతిచెడినవారనుట పొసగదు. 2021 మార్చిలో సుప్రీంకోర్టు, ఇట్టి కేసుల బెయిలు ఉత్తర్వులలో స్త్రీ వేషధారణను, నడవడిని న్యాయమూర్తులు ప్రస్తావింపరాదని శాసించినది. అయినను మరుసటి యేడు ఆగస్టులో కోజికోడు సెషన్సు న్యాయస్థానము ఫిర్యాదిదారు దుస్తులు రెచ్చగొట్టునట్లున్నవని వ్రాయగా, అక్టోబరులో కేరళ హైకోర్టు ఆ వ్యాఖ్యను తొలగింపవలసి వచ్చినది.

వేషమునకు ఔచిత్యమే లేదని నా వాదము కాదు. గుడికి, పెండ్లికి, పొలమునకు, కచ్చేరికి తగిన దుస్తులు స్త్రీపురుషులిరువురకును వేరువేరుగా కలవు. “నిండుగ వేసుకొని పో బిడ్డా” అని తల్లి చెప్పుటలో భయమును ప్రేమయు కలిసియున్నవి. దానిని తప్పుపట్టుట కఠినత్వమగును. అయితే ఆ హెచ్చరిక ఆపద జరిగిన మరునాడు అభియోగముగా మారుచున్నది. బస్సులో ఎవడో చేయి వేసెనని పిల్ల ఇంటికివచ్చి చెప్పినచో, “నువ్వు మంచిగుంటె వాడెందుకంటడే?” అను ప్రశ్న ముందుగా ఎదురగును, పిమ్మట చదువు మాన్పించు మాట, పెండ్లి మాట వరుసగా వచ్చును. ఇది ఎరిగిన పిల్ల రెండవసారి నోరు విప్పదు. ఆ మౌనమే వేధించువానికి ధైర్యమగును. అతడు మరునాడు అదే బస్సెక్కును.

2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకము క్రింద ఆర్టీసీ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము ప్రారంభమైన పిదప, జనగామకో భూపాలపల్లికో వచ్చి చదువుకొను, పనిచేయు స్త్రీలకు దారి సులువైనది. ఆ దారిని నిర్భయముగా చేయుట ప్రభుత్వముపై నున్న బాధ్యత. 2014 అక్టోబరులో హైదరాబాదున వెలసి, మరుసటి యేడు రాష్ట్రమంతటికిని విస్తరించిన షీ టీములు కలవు. 181 సహాయ సంఖ్య కలదు. వేధింపును, వెంటబడుటను శిక్షించు భారతీయ న్యాయ సంహితలోని 75, 78 సెక్షన్లు కలవు, వానిలో బాధితురాలి దుస్తుల ఊసు లేదు. పదిమందికి తక్కువ పనిచేయు చోట్ల స్త్రీల లైంగిక వేధింపు ఫిర్యాదులను వినుటకు ప్రతి జిల్లాలోను స్థానిక కమిటీ యుండవలెనని 2013 నాటి చట్టము నిర్దేశించుచున్నది. దినకూలికి పోవు స్త్రీయు ఆ చట్టమునందలి ఉద్యోగినియే. కనుక ఇకమీదట ఏ అధికారియైనను, ఏ నాయకుడైనను సభలో స్త్రీల వస్త్రములను గూర్చి ఉపన్యసింపబూనినప్పుడు, అతని జిల్లాలో ఆ కమిటీ కడపటిసారి ఎన్నడు కూడినది, ఎన్ని ఫిర్యాదులు విన్నది, ఎన్నింటిని తేల్చినది అని పాత్రికేయులు లేచి అడుగవలెను. ఆ లెక్క చెప్పలేనివానికి చీర కొంగు కొలుచు అధికారము లేదు.