కౌన్సెలర్ ఏ గదిలో కూర్చుంటారు?

తెనాలి, రేపల్లెల నుంచి బాపట్ల కళాశాలలకు వెళ్లే మన పిల్లలకు ఇంట్లో ఉర్దూ, స్నేహితుల మధ్య తెలుగు, ప్రశ్నపత్రంలో ఇంగ్లీషు. పేరు చెప్పగానే ఎదుటివారి చూపు మారితే నవ్వి ఊరుకోవడం వారు త్వరగానే నేర్చుకుంటారు. లోపల రగిలేది అవమానమో, భయమో, కోపమో చెప్పుకోలేని పిల్లవాడు దానిని అర్ధరాత్రి బైకు వేగంలోనో, గంజాయిలోనో, బెట్టింగ్ యాప్‌లోనో మరిచిపోజూస్తాడు. మనం తర్బియత్ లోపమంటాం. ఆడపిల్లయితే చదువే మాన్పిస్తాం. ఈ నింద సగమే న్యాయమని మా అభిప్రాయం.

మిగతా సగం కళాశాలలది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ మరణించిన విద్యార్థిని తండ్రి వేసిన కేసులో, 2025 జూలై 25న సుప్రీంకోర్టు ఆదేశాలు స్పష్టంగానే ఉన్నాయి. 100 మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి సంస్థా కౌన్సెలర్ వంటి అర్హత గల నిపుణుడిని కనీసం ఒకరినైనా నియమించాలి. మతం పేరిట జరిగే వేధింపుపై గోప్యంగా ఫిర్యాదు చేసే ఏర్పాటుండాలి. ఫీజు రీయింబర్స్‌మెంటు కోసం ఆఫీసు గది ముందు గంటలు నిలబడే తల్లిదండ్రులారా, ఈ సంగతీ అడగండి: మీ కౌన్సెలర్ ఎవరు, ఏ గదిలో కూర్చుంటారు? నోటిమాటకు జవాబు రాకుంటే అర్జీ రాసివ్వండి, నకలుపై ముద్ర వేయించుకోండి. ఈలోగా పిల్లల ఫోన్లలో టెలీమానస్ నంబరు 14416 ఉండనివ్వండి. ఏ వేళనైనా పలుకుతుంది, రుసుము లేదు.