ఆరు తాళములు, ఒక్క చెవి: వినియోగదారుని వాగ్ధర్మము

తెలుగు ఇండ్లలో “తాళాలు ఎక్కడ పెట్టారు?” అని ఎవరైనను అడిగినచో, వారు వెదకుచున్నది తాళపుచెవులను. “తలుపుకు తాళం వేశారా?” అని అడిగినచో అదే శబ్దము తాళపుకప్పను బోధించును. సంస్కృతమున తాలకము వేరు, కుంచిక వేరు. తెలుగు వ్యవహారమున మాత్రము రెండింటికిని ఒక్క శబ్దమే చెల్లుచున్నది. ఇంటిలో ఇందువలన నష్టమేమియు లేదు. ప్రకరణమును బట్టి అర్థము తెలియును. కాని ఎదుట లేని వర్తకునికి దూరమునుండి ఆర్డరు పంపునపుడు ప్రకరణము తోడురాదు. అక్కడ మన శబ్దమే మనకు ఆధారము.

కోనసీమలోని ఒక చిన్న వేదపాఠశాలలో ఈ విషయము అనుభవమునకు వచ్చినది. అచ్చట తాళము వేయవలసిన తలుపులు ఆరు: వీధి గుమ్మము, పెరటి గుమ్మము, వంటశాల, సరకుల కొట్టు, గ్రంథముల గది, మందుల బీరువా ఉన్న కార్యాలయపు గది. ఆరింటికి ఆరు పాత తాళములు, ఆరు చెవుల గుత్తి. ఒక వర్షరాత్రి విద్యార్థి ఒకనికి తేలు కుట్టినది. కరెంటు లేదు. టార్చి వెలుగులో మందుల గది చెవి ఏదో, వీధి గుమ్మపు చెవి ఏదో తేల్చుకొనుటకే విలువైన సమయము గడచినది. బాలుడు ఆసుపత్రికి చేరి కోలుకొనెను. మరునాడే ధర్మకర్తగారు నిశ్చయించిరి: ఆరు తలుపులకును ఒక్క చెవితో తెరచుకొను తాళములు వేయవలెను, అట్టి చెవి పెద్దలందరి యొద్దను ఒక్కొక్కటి ఉండవలెను.

ఇట్టి తాళములను వ్యాపారములో ‘కీడ్ అలైక్’ అందురు. వీటి తత్త్వమును కొంత తెలిసికొనవలెను. 1861లో అమెరికా దేశస్థుడగు లైనస్ యేల్ పేటెంటు పొందిన పద్ధతి నేటికిని లోకమంతట వ్యాపించియున్నది. తాళము లోపల వేర్వేరు పొడవులు గల చిన్న చిన్న పిన్నులు వరుసగా నిలిచియుండును. చెవిమీది గంట్లు ఆ పిన్నులను సరియైన ఎత్తునకు లేపినప్పుడే లోపలి కడ్డీ తిరుగును. ఒకే కంపెనీ, ఒకే నమూనా, ఒకే ధర గల పది తాళములు కొన్నను సాధారణముగా వాటి గంట్లు వేర్వేరుగనే ఉండును. అట్లు ఉండుటయే తయారీదారుని ఉద్దేశము. లేనిచో పొరుగువాని చెవితో మన ఇల్లు తెరచుకొనదా? కనుక ఒక్క చెవి కావలెనన్నచో పిన్నులను ఒకే క్రమములో కూర్చిన తాళములు కావలెనని విడిగా అడుగవలెను. ‘మాస్టర్ కీ’ అనునది వేరొక ఏర్పాటు. అందు ప్రతి తాళమునకు దాని చెవి దానికే ఉండి, అన్నిటిని తెరచు పెద్ద చెవి మరియొకటి ఉండును. ఈ భేదము తెలియక కొనువారు మోసపోకయే నష్టపోవుదురు.

ధర్మకర్తగారు ఆర్డరు పెట్టుటకు ముందు ఫోను చేసి, “ఒకే రకం తాళాలు ఆరు కావాలి” అని అడిగిరి. “ఉన్నాయి సార్” అని సమాధానము వచ్చెను. వస్తువు వివరములలోను ‘కీడ్ అలైక్’ అనియే ఉన్నది. వారమునకు రెండు పెట్టెలు వచ్చినవి. మొదటి పెట్టెలోని మూడు తాళములకు ఒక చెవి, రెండవ పెట్టెలోని మూడింటికి మరియొక చెవి. రెండు జట్లకును పొత్తు లేదు.

కస్టమర్ కేర్‌కు ఫోను చేయగా జరిగిన సంభాషణ ఇది. “తాళాలన్నీ పనిచేస్తున్నాయి కదా సార్?” “పనిచేస్తున్నాయమ్మా.” “మరి సమస్య ఏమిటి సార్?” ఆయన వివరించిరి; ఆమె వ్రాసికొనెను; సాయంకాలమునకు ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడినది’ అని సందేశము వచ్చెను. రెండవ పర్యాయము మరియొకరు పలికిరి. కథ మొదటికి వచ్చెను. మూడవ పర్యాయము ధర్మకర్తగారు సహనము కోల్పోయి కఠినముగా మాట్లాడిరి. అవతలి అమ్మాయి నెమ్మదిగా, “నేను తాళాలు పంపే చోట లేను సార్. నాకు కనిపించేది మీ ఆర్డరు నెంబరు, ముందువాళ్లు రాసిన రెండు ముక్కలే” అనెను. ఆయన సిగ్గుపడి ఫోను పెట్టివేసి, “మన ప్రారబ్ధం. మూడు మూడుగా వాడుకుందాం” అని ఊరకుండిరి.

ఇచట రెండు పొరపాట్లు జరిగినవి. మొదటిది క్రోధము, అది అందరికిని కనబడును. రెండవది క్షమవలె కనబడు ఔదాసీన్యము. ఆస్తికులలో ఇదియే అధికము. నష్టము కలిగినపుడు ప్రారబ్ధమని పలికి విడిచిపెట్టుట వైరాగ్యమని పలువురు భావించుచున్నారు. క్షమ నిస్సందేహముగా గొప్ప గుణమే. అయితే తనకు జరిగిన అపకారమును క్షమించు అధికారమే మనుష్యునికి ఉన్నది. పరుల నష్టమును తాను క్షమించు అధికారము లేదు. ఆ ధనము దాతలది. ఆ తాళముల ప్రయోజనము బాలుర రక్షణ. ధర్మకర్త అనగా ధర్మమునకు కర్త, పరధనమునకు రక్షకుడు. తనది కాని దానిని ఉదారముగా విడిచిపెట్టుట దానము కాదు, కర్తవ్యలోపము. గృహస్థునికిని ఈ న్యాయమే వర్తించును; ఇంటి ధనము ఇంటివారందరిదియు కదా.

మరి ఎట్లు అడుగవలెను? దీనికి మన శాస్త్రములలోనే మార్గమున్నది. ఆంధ్రుడగు అన్నంభట్టు తర్కసంగ్రహమున వాక్యార్థజ్ఞానమునకు మూడు కారణములను చెప్పెను: ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి. పదములు పరస్పరము అపేక్ష కలిగియుండుట ఆకాంక్ష. అర్థమునకు బాధ లేకుండుట యోగ్యత. నిప్పుతో తడుపుమనుటలో అది లేదు. పదములు విలంబము లేక ఉచ్చరింపబడుట సన్నిధి. జామునకొక పదము పలికినచో వాక్యము పుట్టదు. విద్యార్థులకు నిత్యము ఈ పాఠము చెప్పు పాఠశాలవారే ఫోను పట్టినంతనే దానిని మరచిరి.

“తాళాలు వచ్చాయి, చెవులు వేరుగా ఉన్నాయి” అని చెప్పి ఏమి కావలెనో చెప్పకున్నచో ఆ మాట ఆకాంక్ష తీరక నిలిచిపోవును. “మరి సమస్య ఏమిటి సార్?” అను ప్రశ్న అచ్చటనుండియే పుట్టినది. “రెండో పెట్టెకు బదులు సరైనది పంపండి” అని చెవి సంఖ్య తెలుపకయే అడిగినచో యోగ్యత లోపించును. మొదటి మూడింటి గంట్లు ఎట్టివో వారికి తెలియనపుడు సరియైన జట్టు ఎట్లు వచ్చును? విషయము మూడు ఫోనులలో ముగ్గురి చెవులలో ముక్కలుముక్కలుగా పడినది, సన్నిధి లేదు. నాలుగవ మనిషికి అది వాక్యముగా ఎట్లు చేరును?

పాఠశాలలోని యువాధ్యాపకుడు ఈ మాటలనే ధర్మకర్తగారికి వినయముతో విన్నవించి ఒక లేఖ వ్రాసెను. ఆర్డరు సంఖ్య, తేదీ, వస్తువు వివరములలో కంపెనీవారు వ్రాసిన మాట, వచ్చినది ఏమి, రెండు చెవులపై చెక్కియున్న సంఖ్యలు, వాటి ఛాయాచిత్రము, చివర కోరిక. కోరికయు స్పష్టము: మొదటి చెవి సంఖ్యకు సరిపడు మూడు తాళములు పంపుడు, లేదా ఆరింటిని తీసికొని ఒకే సంఖ్య గల ఆరింటిని పంపుడు, తలుపులు తాళము లేక ఉండరాదు గనుక ముందు క్రొత్తవి ఇచ్చి పిదప పాతవి తీసికొనుడు. అందు ఒక్క పరుషవాక్యము లేదు, ఒక్క దీనవాక్యమును లేదు. పది దినములలో ఒకే సంఖ్య గల ఆరు తాళములు వచ్చినవి.

లేఖ ఫలించనిచో మార్గము మూసికొనిపోదు. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమముల ప్రకారము ప్రతి ఆన్‌లైన్ వ్యాపారసంస్థయు ఫిర్యాదుల అధికారిని నియమించవలెను. ఆ అధికారి 48 గంటలలో ఫిర్యాదు అందినట్లు తెలిపి, ఒక నెలలో పరిష్కరించవలెను. జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమునకు 1915 సంఖ్యపై ఫోను చేయవచ్చును. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద జిల్లా కమిషనును ఆశ్రయించుటకు 5 లక్షల రూపాయల వరకు రుసుము లేదు. రాజ్యము ఇచ్చిన ఈ ద్వారములను తట్టుట కలహప్రియత్వము కాదు.

ఒక్క హెచ్చరిక మిగిలినది. అన్ని తలుపులకు ఒక్క చెవి సర్వత్ర యుక్తము కాదు. అట్టి చెవి ఒక్కటి పోయినచో ఆరు తలుపులును ఒకేసారి అరక్షితములగును. ఆరు తాళములను మార్చవలసివచ్చును. కనుక ఎన్ని చెవులున్నవో, ఎవరియొద్ద ఉన్నవో పుస్తకమున వ్రాసియుంచవలెను. చెవిమీది సంఖ్యను కూడ భద్రపరచవలెను. మున్ముందు ఏడవ తాళము కావలసినపుడు అదియే ఆధారము. ధనమున్నచోట ఈ ఏర్పాటు తగదు. దేవాలయపు హుండీకి రెండు వేర్వేరు తాళములు వేసి చెవులను ఇరువురియొద్ద ఉంచు పద్ధతి అనేక క్షేత్రములలో ఉన్నది. అచ్చట సులభముగా తెరచుకొనకుండుటయే రక్షణ. ప్రాణరక్షణకు శీఘ్రత ప్రధానము, ధనరక్షణకు పరస్పరసాక్ష్యము ప్రధానము. ఏ తలుపు దేనికో వివేచించి పిమ్మట ఆర్డరు పెట్టవలెను.

ఆ పాఠశాలవారు ఈ వివేచన చేసిరి. పూజామందిరపు హుండీ తాళమును మార్చలేదు. ధర్మకర్తగారు మరియొక పని కూడ చేసిరి. క్రొత్త తాళములు అందిన దినమున కస్టమర్ కేర్‌కు ఫోను చేసి, అందినవని తెలిపి, మునుపు తాము పరుషముగా పలికిన అమ్మాయికి తమ క్షమాపణ చేర్చుడని కోరిరి. ఆ మాట ఆమెకు చేరినదో లేదో తెలియదు. అడుగవలసినది నిర్భయముగా అడిగి, అనరాని మాట అన్నందుకు మన్నింపు కోరుట, ఈ రెండును కలిసినప్పుడే వాగ్ధర్మము పూర్ణమగును.

స్వస్తి.