రీస్టార్టు మంత్రం, ఉప్పెక్కిన చేను

"ఎప్పుడో ఓసారి క్రాష్ అవుతుందండీ, రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది." ఈ మాట వినని ఐటీ జీవి ఎవరైనా ఉంటే చెప్పండి, బందరు లడ్డూలు పంపిస్తా. నాకు మాత్రం ఇది వింటే ఒళ్ళు మండుతుంది.

విషయమేంటంటే, సీ ప్లస్ ప్లస్‌లో రాసిన పాత అప్లికేషన్ ఒకటి ఉంటుంది. దాని పొట్టలోకి పైథాన్‌నో, జేవీఎమ్‌నో ఎక్కిస్తారు. డెమోలో బ్రహ్మాండంగా నడుస్తుంది. ప్రొడక్షన్‌కి వెళ్ళాక వారానికోసారి సెగ్మెంటేషన్ ఫాల్ట్. అప్పుడు మనవాళ్ళు చేసే మొదటి పని దానికి 'ఇంటర్మిటెంట్' అని నామకరణం చేయడం. రెండో పని, చచ్చిన ప్రోసెస్‌ని మళ్ళీ లేపే స్క్రిప్టు రాయడం. మూడో పనంటూ ఏమీ ఉండదు.

దివిసీమలో నాగాయలంక, కోడూరు వైపు రైతుని అడగండి. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు డ్రెయిన్ల గుండా ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. నీరెక్కిన రోజు చేను పచ్చగానే ఉంటుంది. దెబ్బ తెలిసేది తర్వాత. ఎండిన దుబ్బు మొదట్లో తవ్వుకుంటూ కూర్చుంటే ఏం దొరుకుతుంది? డ్రెయిన్ గేటు దగ్గరికి పోయి చూడాలి.

మెమరీ కథా ఇంతే. పైథాన్ లిస్టులోంచి సీ కోడ్‌తో ఒక ఐటమ్ తీసుకుంటే, అది చాలాసార్లు అరువు రిఫరెన్సు. మనది కాని దాని కౌంటు మనం తగ్గిస్తే ఆ క్షణాన ఏమీ కాదు. గంట తర్వాత గార్బేజ్ కలెక్టర్ అటుగా వచ్చి కూలుతుంది. స్టాక్ ట్రేస్‌లో కలెక్టర్ పేరు కనబడగానే "పైథాన్‌లో బగ్గండీ" అని మెయిలు కొట్టేస్తారు. పాపం కలెక్టర్!

థ్రెడ్ల సంగతీ అంతే. గిల్ పట్టుకోకుండా వర్కర్ థ్రెడ్‌లోంచి పైథాన్‌ని పిలిస్తే వందసార్లు నడవచ్చు, నూటొకటోసారి పోవచ్చు. "ఇప్పుడు గిల్ తీసేస్తున్నారుగా" అంటారు కొందరు మేధావులు. 2024లో వచ్చిన 3.13లో గిల్ లేని బిల్డు ప్రయోగాత్మకంగా పెట్టిన మాట నిజమే. అయితే ఆ బిల్డులో కూడా మీ థ్రెడ్‌ని ఇంటర్‌ప్రెటర్‌కి జతచేయాల్సిందే, ఆ పని తప్పదు. జేఎన్‌ఐలోనూ ఎన్విరాన్‌మెంట్ పాయింటర్ ఏ థ్రెడ్‌ది ఆ థ్రెడ్‌దే. గ్లోబల్‌లో దాచుకుని అందరికీ పంచితే కొంప కొల్లేరే.

ఇక సిగ్నల్స్. జేవీఎమ్ సెగ్మెంటేషన్ ఫాల్ట్ సిగ్నల్‌ని తన సొంత పనులకే వాడుకుంటుంది, నల్ పాయింటర్ పట్టుకోవడం వగైరా. మన అప్లికేషన్ తన హ్యాండ్లర్‌ని దానిమీద రుద్దితే, మామూలు నల్ పాయింటర్ ఎక్సెప్షన్‌గా తేలాల్సింది కాస్తా మొత్తం ప్రోసెస్‌నే చంపుతుంది. దీనికోసమే లిబ్‌జేసిగ్ అని ఒక లైబ్రరీ ఇచ్చారు. వాడేవాళ్ళెందరు?

పోనీ వెతకడానికి పరికరాలు లేవా అంటే, బోలెడున్నాయి. పైథాన్‌లో ఫాల్ట్‌హ్యాండ్లర్ 2012లో 3.3తోనే వచ్చింది. 2016లో 3.6తో డీబగ్ అలొకేటర్‌ని ఒక్క ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌తో ఆన్ చేసే వీలొచ్చింది. గిల్ లేకుండా మెమరీ అడిగితే అక్కడికక్కడే పట్టేస్తుంది. జావాకి చెక్ జేఎన్‌ఐ ఆప్షన్ ఉంది. సీ వైపు అడ్రస్ శానిటైజర్ ఉంది. ఇవన్నీ కలిపి టెస్ట్ సర్వర్‌లో పెట్టడానికి ఒక పూట పడుతుంది. ఆ పూట ఇవ్వని మేనేజర్, రీస్టార్ట్ స్క్రిప్టుకి మాత్రం రెండు రోజులు ఇస్తాడు!

అవుటాఫ్ ప్రోసెస్ పెట్టమంటే "పెర్ఫార్మెన్స్ పోతుంది" అంటారు. ఎంత పోతుందో కొలిచారా? ఫ్రేముకి వందలసార్లు స్క్రిప్టుని పిలిచే గేమ్ అయితే లువా ఎంబెడ్ చేసుకోండి, అది పుట్టిందే అందుకు. రాత్రి బ్యాచ్‌లో రికార్డుకోసారి పిలిచేదానికి ఒకే ప్రోసెస్ ఎందుకు? పులిగడ్డ అక్విడక్టు చూశారుగా. కింద కృష్ణ పాయ, పైన దివిసీమ కాల్వ. ఏ నీటి దారి దానిదే. సాకెట్టో, పైపో పెట్టి రెండు రన్‌టైమ్‌లని అలా విడగొడితే, ఒకటి కూలినా రెండోది బతుకుతుంది, ఎవరు కూలారో కూడా తెలుస్తుంది.

అసలు భయం క్రాష్ గురించి కాదండీ. కూలింది కాబట్టి తెలిసింది. పాడైన మెమరీ కూలకుండా పక్కనున్న అంకెని మార్చి, అది డేటాబేస్‌లోకి వెళ్ళిపోతే? ఎవరిదో జీతం, ఎవరిదో ఆస్పత్రి బిల్లు. రీస్టార్ట్ స్క్రిప్టుకి ఆ అంకె కనబడదు. ఒక చోట నాలుగు గంటలకోసారి ప్రోసెస్‌ని చంపి లేపడం చూశాను. దాన్ని 'స్టెబిలిటీ ఫిక్స్' అన్నారు. ఆ నాలుగు గంటల్లో ఏం రాసిందో ఎవరూ అడగలేదు. అడిగితే "నువ్వు డెలివరీకి అడ్డం" అన్నారు.

ఈ ఫిక్సుల బరువు మోసేది ఎవరు? గుడివాడ నుంచో బందరు నుంచో వచ్చి, నైట్ షిఫ్టులో కూర్చున్న కుర్రాళ్ళు. మూడింటికి ఫోన్ మోగితే లేచి రీస్టార్ట్ కొట్టడమే వాళ్ళ ఉద్యోగం. రెండేళ్ళు అదే చేస్తే ఇక వాళ్ళకి కోర్ డంప్ తెరవడం ఎవరు నేర్పుతారు?

కాల్వ మీద ప్రతి లాకుకీ ఒక లస్కరు ఉంటాడు. మీ రెండు రన్‌టైమ్‌ల మధ్య లాకుకి లస్కరు ఎవరు? ఏ రిఫరెన్సు ఎవరిది, ఏ థ్రెడ్ ఎటు వెళ్ళొచ్చు, ఎక్సెప్షన్‌ని ఏ ఒడ్డున ఆపాలి.. ఈ మూడూ రాసిన కాగితం మీ ప్రాజెక్టులో ఉందా? లేకపోతే రేపు పొద్దున్న స్టాండప్‌లో అడగండి. తిడితే తిట్టనివ్వండి.