ఒక్క రాత్రి సముద్రం



రైలుగేటు దగ్గర నిలబడి దూరంగా చూడండి. పట్టాలు రెండూ పోనుపోను దగ్గరై ఎక్కడో కలిసిపోయినట్టు కనిపిస్తాయి. అవి కలవవని మీకు తెలుసు, అయినా కంటికి కలిసినట్టే ఉంటుంది. ఈ భ్రమను లెక్కకట్టి, చిన్న వేదికమీద ఆమడల దూరాన్ని చూపించిన ఒకాయన కథ ఈ నెల చెబుతాను.

ఆయన పేరు ఇనీగో జోన్స్. 1573లో లండనులో ఒక బట్టలపనివాడికి పుట్టాడు. పడుచుతనంలో ఇటలీ వెళ్ళి, అక్కడి చిత్రకళా, నాటకశాలలూ చూసి వచ్చాడు. ఆ కాలంలో లండను నాటకశాలల్లో మారే దృశ్యాలు లేవు. ‘ఇది అడవి’ అని పాత్ర చెబితే ప్రేక్షకులు అడవి అనుకోవలసిందే. షేక్‌స్పియరు నాటకాలు కూడా అట్లాగే ఆడేవారు.

1605 జనవరి 6వ తేదీ రాత్రి, జేమ్స్ రాజుగారి వైట్‌హాల్ మహలులో ఒక నాట్యవేడుక జరిగింది. ఇటువంటి వేడుకలను ‘మాస్క్’ అనేవారు. మాటలు కూర్చినవాడు కవి బెన్ జాన్సన్. వేదికా, యంత్రాలూ, దుస్తులూ జోన్స్‌వి. తెర పడిపోయేసరికి ఎదుట సముద్రం! అలలు లేచి ఒడ్డుకు వస్తున్నాయి. వాటిమీద పెద్ద ముత్యపుచిప్ప ఊగుతున్నది. అందులో నీలమూ వెండీ కలిసిన దుస్తులతో రాణీ, పదకొండుమంది దొరసానులూ ఉన్నారు. ఆఫ్రికా నదీకన్యల వేషమని ముఖాలకు నల్లరంగు పూసుకున్నారు. అది అప్పుడే కొందరికి నచ్చలేదు. వేరే కారణం చేత ఇవాళ మనకూ నచ్చదు.

అలలు ఎట్లా వస్తాయంటారా? ఇటలీవారి పద్ధతి ఒకటుంది. మెలికలు తిరిగిన పొడుగాటి దూలాలను అడ్డంగా, వరసగా అమర్చి, నీలిరంగు వేసి, పక్కన దాక్కున్న మనుషులు వాటిని తిప్పుతారు. ఒక మెలిక పైకి వస్తుంటే మరొకటి కిందికి పోతుంది. మీ బడి నాటకంలో చేసి చూడండి.

ఇక దూరం సంగతి. జోన్స్ ఇళ్ళూ, చెట్లూ వెనక్కు పోనుపోను చిన్నవిగా వేయించేవాడు. కాని ఈ లెక్క ఒక్కచోటు నుంచి చూస్తేనే సరిగా కుదురుతుంది. ఆ చోట రాజుగారి కుర్చీ వేసేవారు! పక్కకు జరిగినకొద్దీ గోడలు వంకరగా కనిపిస్తాయి. రాజుగారికి ఎవరెంత దగ్గరో, వాళ్ళకు దృశ్యం అంత చక్కగా ఉండేదన్నమాట.

దుస్తులకు ముందుగా బొమ్మ గీసి పంపేవాడు. 1631లో పూలదేవత వేషానికి గీసిన బొమ్మతో పాటు రాణిగారికి ఒక మాట రాశాడు: రంగులు తమ ఇష్టం, అయితే లేత ఆకుపచ్చలలో బంగారమూ వెండీ కలిపితే బాగుంటుందని తన అభిప్రాయం. ఎంత వినయం! ఎంత పట్టుదల!

ఆ వినయం కవి దగ్గర మాత్రం లేదు. అదే ఏడు అచ్చయిన ఒక పుస్తకంలో జాన్సన్ తన పేరు ముందు, జోన్స్ పేరు తరవాత వేయించాడు. జోన్స్‌కు కోపం వచ్చింది. మాటలే వేడుకకు ప్రాణమనీ, దృశ్యం ఒట్టి శరీరమనీ జాన్సన్ వాదం. కవి ఎగతాళి పద్యాలు రాశాడు గాని, కొలువులో జోన్స్ మాటే చెల్లింది. జాన్సన్‌కు మళ్ళీ కొలువు మాస్కులు రాసే పని దొరకలేదు. ఇరవై ఆరేళ్ళ జత అట్లా విడిపోయింది. నన్నడిగితే ఇద్దరూ మొండివాళ్ళే.

జోన్స్ భవనాలు కూడా కట్టాడు. వైట్‌హాల్‌లోనే 1622లో పూర్తయిన బాంక్వెటింగ్ హౌసు ఇప్పటికీ ఉంది. దాని సభామందిరం పొడవు 110 అడుగులు, వెడల్పూ ఎత్తూ 55. అంటే రెండు ఘనాలు పక్కపక్కన పెట్టినట్టు. వేడుకలు అందులోనే జరిగేవి. 1636లో కప్పుకు రూబెన్స్ చిత్రాలు బిగించారు. దివిటీల పొగకు అవి పాడవుతాయని ఇక అక్కడ వేడుకలు మానేశారు! వాటికోసం పక్కనే కొయ్యతో వేరే శాల వేయవలసి వచ్చింది.

1640లో ఆఖరి మాస్క్ జరిగింది. రాజు చార్లెస్ స్వయంగా నాట్యమాడాడు. రెండేళ్ళకే అంతర్యుద్ధం మొదలైంది. కొయ్యశాలను పడగొట్టారు. 1649లో చార్లెస్‌ను ఆ బాంక్వెటింగ్ హౌసు ముందే శిరచ్ఛేదం చేశారు. జోన్స్ 1652లో చనిపోయాడు.

ఆ సముద్రమూ లేదు, ముత్యపుచిప్పా లేదు. కాని ఆయన గీసిన బొమ్మలు వందలకొద్దీ మిగిలాయి. చాలావరకు ఇంగ్లండులోని చాట్స్‌వర్త్ భవనంలో ఉన్నాయి. పెద్ద తెరమీదికి ఎక్కించటానికి కొన్నిటిమీద గళ్ళు గీసి ఉంటాయి. కొన్నిటిమీద, పనివాళ్ళ కుంచెలనుంచి చిందిన రంగు చుక్కలు ఎండిపోయి అట్లాగే ఉన్నాయి.