పది వేల ల్యూమెన్ల అబద్ధం

రెండు వేల రూపాయలు పెడితే చాలు, పది వేల ల్యూమెన్ల డైవింగ్ టార్చి ఇంటికొచ్చేస్తోంది. అరచేతిలో ఇమిడే అల్యూమినియం గొట్టం, లోపల ఒకే ఒక్క లిథియం సెల్లు, డబ్బా మీద ‘100 మీటర్ల లోతు, 4 గంటల వెలుగు’ అన్న ధీమా. కొత్తగా స్కూబా నేర్చుకున్న కుర్రకారు ఎగబడి కొంటున్నారు. ఐదారు రెట్లు పోసి వెయ్యి ల్యూమెన్ల టార్చి కొన్నవాణ్ణి చూసి జాలిపడుతున్నారు. వెలుగును కొలిచే ఈ ల్యూమెన్లు ఎంత ఎక్కువైతే టార్చి అంత గొప్పదన్న నమ్మకం బాగా పాతుకుపోయింది. అమ్మేవాళ్ళు కూడా ఇంకో మాట ఎత్తడం మానేశారు. ఆ అంకె అబద్ధమని నా వాదన. పోనీ నిజమే అనుకున్నా, నీళ్ళలో దానితో మనకు ఒరిగేది చాలా తక్కువ.

అంకె సంగతి తేల్చడానికి ప్రయోగశాల అక్కర్లేదు, బడిపిల్లల గుణకారం సరిపోతుంది. ఈ టార్చిల్లో ఎక్కువగా వేసేది 18650 రకం సెల్లు. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు. ఆ కాస్త చోటులో పేరున్న కంపెనీలు ఇరికించగలుగుతున్నది సుమారు 3,500 మిల్లీ యాంపియర్ అవర్లు. వోల్టేజి 3.6. రెండూ గుణిస్తే 12.6 వాట్-అవర్లు. టార్చి దగ్గరున్న ఆస్తంతా ఇంతే. సర్క్యూటు తినేది, వేడిగా పోయేది, గాజు మింగేది తీసేశాక వాటుకు వంద ల్యూమెన్లు బయటికొస్తే అది మంచి టార్చి కిందే లెక్క. అంటే వెయ్యి ల్యూమెన్లు గంటా పావు వెలుగుతాయి. ఐదు వందలైతే రెండున్నర గంటలు. పది వేలు కావాలంటే ఏడున్నర నిమిషాలు. అదైనా ఆ బుల్లి సెల్లు 28 యాంపియర్ల కరెంటు ఇవ్వగలిగితేనే. అంత ఇవ్వగలిగే సెల్లులు ఉన్నవే కొన్ని, వాటి నిల్వ ఇంకా తక్కువ.

అమ్మకందారు పక్షాన ఇంకాస్త ఉదారంగా లెక్కేద్దాం. ఒక వాటు నుంచి పుట్టగల ల్యూమెన్లకు ప్రకృతి గీసిన హద్దు 683. అదీ అచ్చంగా ఒకే రకం ఆకుపచ్చ కాంతి అయితే. తెల్లని వెలుగుకు ఆ హద్దు ఇంకా కిందే ఉంటుంది. తెల్లటి ఎల్‌ఈడీ దీపాలకు దారి తీసిన నీలి ఎల్‌ఈడీ కనిపెట్టినందుకు అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ ఇచ్చారు. కలలో మాత్రమే ఉండే, రవ్వంత నష్టం కూడా లేని దీపాన్ని ఈ సెల్లుకు తగిలించినా పది వేల ల్యూమెన్లు ఒక్క గంట నిలవవు. నాలుగు గంటలని డబ్బా మీద అచ్చేయించిన మహానుభావుడికి మరో నోబెల్ బాకీ పడ్డాం.

ఆ ‘4 గంటలు’ వెనక ఇంకో మతలబుంది. అమెరికాలో 2009లో వచ్చిన ఎఫ్‌ఎల్-1 అనే ప్రమాణం ప్రకారం, వెలుగు మొదట ఉన్నదానిలో పదో వంతుకు పడిపోయేదాకా ఆ టార్చి ‘వెలుగుతున్నట్టే’. నిజాయితీగా ఆ ప్రమాణం పాటించే కంపెనీ టార్చి కూడా నాలుగో గంటలో వెయ్యికి బదులు వంద ల్యూమెన్లు ఇస్తూ ఉండొచ్చు. ఇక ఏ ప్రమాణమూ పాటించనివాడి నాలుగు గంటలకు అర్థం వాడికే తెలియాలి.

సరే, ఎవరో నిజంగానే పది వేల ల్యూమెన్ల టార్చి చేతిలో పెట్టారనుకుందాం. తెల్లవారుజామున లంబసింగి ఘాట్ రోడ్డులో మంచు కమ్మినప్పుడు హెడ్‌లైట్ హైబీమ్ వేసి చూడండి. రోడ్డు కనిపించదు, తెల్లటి గోడ కనిపిస్తుంది. నీళ్ళలో తేలే ఇసుక రేణువులు, పాచి, ప్లవకాలు చేసే పనీ అదే. వెలుగు పెంచిన కొద్దీ అవి తిప్పికొట్టేదీ పెరుగుతుంది. నదులు మోసుకొచ్చే ఒండ్రు కలిసే మన తూర్పు తీరంలో, రుషికొండ లాంటి చోట్ల డైవ్ చేసేవాళ్ళకు ఇది కొత్తగా చెప్పాల్సింది కాదు. అలాంటి నీళ్ళలో పనికొచ్చేది సన్నటి కిరణం. అదే వెయ్యి ల్యూమెన్లను ఇరుకు కోణంలో బిగిస్తే ఆ మసక నీళ్ళను చీల్చుకుపోతుంది. నలుదిక్కులా చిమ్మితే కళ్ళకు అడ్డం పడుతుంది. డబ్బా మీద ల్యూమెన్లే ఉంటాయి, కోణం చాలాసార్లు ఉండదు.

రంగుల సంగతి కూడా ఇంతే. పది మీటర్ల లోతుకు వెళ్ళేసరికి సూర్యకాంతిలోని ఎరుపు దాదాపు హరించుకుపోతుంది. పగడాల అసలు రంగు చూడాలంటే టార్చి వేయాలి. కానీ ఆ కాంతి పగడం దాకా వెళ్ళి, తిరిగి మన కంటిదాకా రావాలి. నీళ్ళు పోనూ రానూ రెండుసార్లూ ఎరుపును మింగుతాయి. టార్చి బలం రెట్టింపు చేసినా ఎరుపు కనిపించే దూరం అదనంగా ఒక్క మీటరు పెరగడం గగనం. మీటరున్నర దగ్గరికి వెళ్తే ఐదు వందల ల్యూమెన్లతోనే పగడం ఎర్రగా పలకరిస్తుంది. పైగా మన కన్ను మామూలు త్రాసు కాదు. వెలుగు రెట్టింపైతే రెట్టింపైనట్టు దానికి అనిపించదు.

వీడియో తీసేవాళ్ళకు మాత్రం విశాలమైన, బలమైన వెలుగు కావాలి, ఒప్పుకుంటాను. అందుకే వాళ్ళు మూడు నాలుగు సెల్లుల బరువైన బ్యాటరీలు మోస్తారు. ఒక్క సెల్లుతో ఆ పని జరిగేదే అయితే వాళ్ళకెందుకా తిప్పలు?

ఇంతా చదివి ‘అందుకేనండీ, చవక టార్చి కొనకూడదనేది’ అనేవారు తయారవుతారు. వాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. ఎల్‌ఈడీ చవకైపోయింది. ఒకప్పుడు హాలోజన్ బల్బుకు లావుపాటి సెల్లులు నాలుగో ఎనిమిదో తినిపించినా రాని వెలుగు ఇప్పుడు బొటనవేలంత సెల్లుతో వస్తోంది. నిజంగా వెయ్యి ల్యూమెన్లు ఇచ్చే చవక టార్చి ఒక డైవ్‌కు చాలు. మామూలు డైవ్ గంట దాటడం అరుదు. ఖరీదైన టార్చిలో మనం డబ్బు పెట్టేది వెలుగుకన్నా నీళ్ళు చొరబడకుండా ఆపే రబ్బరు ఓ-రింగులకు, స్విచ్చికి, నమ్మదగిన సెల్లుకు. 100 మీటర్లని రాసినా సరదా డైవర్ల హద్దు 40 మీటర్లే. అక్కడ కూడా టార్చిని ముంచేది పీడనం కన్నా ఓ-రింగు మీద ఇరుక్కున్న వెంట్రుక, ఇసుక రేణువు. దాన్ని తుడిచి సిలికాన్ గ్రీజు రాయడానికి బ్రాండు అక్కర్లేదు.

చవక టార్చి సెల్లు తగ్గే కొద్దీ మసకబారుతుందని సమీక్షకులు తప్పు పడతారు. ఖరీదైనవాటిలో సర్క్యూటు చివరిదాకా ఒకే వెలుగు నిలబెడుతుంది. హెచ్చరించే ఏర్పాటు లేనివి ఆ తర్వాత ఉన్నట్టుండి ఆరిపోతాయి. చీకట్లో, ఇరవై మీటర్ల కింద, ముందే మసకబారి చెప్పే టార్చే నాకు ఇష్టం. ఏదైనా సరే రాత్రి డైవ్‌కు రెండోది జేబులో ఉండాల్సిందే. గుహల్లో దిగేవాళ్ళు మనిషికి మూడు పెట్టుకుంటారు. వాళ్ళు ల్యూమెన్ల మీద కన్నా టార్చిల సంఖ్య మీద నమ్మకం పెట్టుకున్నారు.

చవకలో అసలు ప్రమాదం ఉన్నది టార్చితో పాటు ఉచితంగా వచ్చే సెల్లులో, ఛార్జరులో. 9,900 మిల్లీ యాంపియర్ అవర్లని ముద్రేసిన సెల్లులు బజారునిండా ఉన్నాయి. 18650 సైజులో అది అసాధ్యం. కోసి చూస్తే కొన్నిటిలో చిన్న సెల్లు, చుట్టూ ఖాళీ నింపడానికి పొడి. 2019 సెప్టెంబర్ 2 తెల్లవారుజామున కాలిఫోర్నియాలో శాంతాక్రూజ్ దీవి దగ్గర లంగరేసిన ‘కన్సెప్షన్’ అనే డైవింగ్ పడవ తగలబడి, కింది అరలో నిద్రపోతున్న 34 మంది చనిపోయారు. పడవ మునిగిపోవడంతో నిప్పెలా పుట్టిందో దర్యాప్తు తేల్చలేకపోయింది. రాత్రి కాపలా లేకపోవడాన్ని గట్టిగా తప్పు పట్టింది. అయినా లిథియం బ్యాటరీలను ఎవరూ చూడకుండా ఛార్జింగ్‌లో వదలడం తగ్గించే ఆలోచన చేయమని అమెరికా కోస్ట్‌గార్డ్ ఆ నెలలోనే పడవలవాళ్ళకు సూచించింది.

కాబట్టి టార్చి చవకదే కొనండి, సెల్లు మాత్రం పేరున్న కంపెనీది విడిగా కొనండి. అమ్మేవాణ్ణి ల్యూమెన్లు ఎన్నని అడక్కండి, వాట్-అవర్లు ఎన్ని, కిరణం కోణమెంత అని అడగండి. డబ్బాలో వచ్చిన సెల్లును దగ్గర్లోని వెండి కొట్టులో తూయించండి. అసలైన 18650 సెల్లు 45 నుంచి 50 గ్రాములు తూగుతుంది. 35 గ్రాముల దగ్గరే ముల్లు ఆగితే దాన్ని ఛార్జరులో కూడా పెట్టకండి, తిప్పి పంపేయండి.