ఆటకు సిద్ధపడు బాలిక: తల్లి తెలిసికొనవలసిన సంగతులు



ఈ మాసము మన ఆరోగ్యశీర్షికలో, ఆటలపోటీలకు పోవు బాలికల వ్యాయామమును గూర్చి ముచ్చటింప దలచితిని. ఇది పాఠశాలలోని శిక్షకులకు సంబంధించిన విషయమే గాని గృహిణులకేల యని మీ రనుకొనవచ్చును. నేనును అట్లే యనుకొంటిని. మా యక్కగారింట జరిగిన సంగతి చూచిన పిమ్మట నా యభిప్రాయము మారినది.

మా యక్కగారి కాపురము మిర్యాలగూడలో. ఆమె రెండవ కుమార్తె తొమ్మిదవ తరగతి చదువుచున్నది. కబడ్డీలో కూతకు పోవుటయందు గట్టి నేర్పరి. దసరా సెలవులలో ఆ పిల్ల కోదాడలోని మా పుట్టింటికి పోయి, మూడు వారములు తిని, కూర్చుండి, సుఖముగా గడపెను. తిరిగి వచ్చుసరికి సూర్యాపేటలో జరుగు పోటీలకు పండ్రెండు దినములే మిగిలినవి. పోయిన కాలమును పూడ్చుకొనవలెనని ఆమె ఉదయము ఒక గంట, సాయంకాలము ఒక గంట సాగరుకాలువ గట్టుపై పరుగెత్త మొదలిడెను. ఇంటిలో నెవ్వరును వలదనలేదు. పైగా ఆమె పట్టుదలను మెచ్చుకొంటిమి. ఆరవనాడు మోకాలి క్రింద ముందుయెముక నొప్పి పట్టినది. పోటీనాడు ఆమె బరి వెలుపల కూర్చుండి తోడిపిల్లల ఆట చూడవలసి వచ్చెను.

ఆ రాత్రి అక్కగారి అత్తగారు, "ఆడపిల్లకు ఈ యాటలు వలదని ముందే చెప్పితిని. ఇకనైన మాన్పింపుడు" అనిరి. అక్క నావైపు చూచి, "ఏమందువు, చెల్లీ?" అని యడిగెను. పిల్ల గోడవైపు తిరిగి పండుకొని యుండెను గాని, నిద్రపోలేదని మా కందరకు తెలియును.

తప్పు ఆటలో లేదు. సిద్ధపడిన తీరులో కలదు. ఆ తీరును సరిదిద్దవలసిన పెద్దలము మనము. కావున నేను అక్కకు చెప్పిన మాటలనే మీకును చెప్పుచున్నాను.

మొదటి సూత్రము: శరీరమునకు బలము శ్రమపడునప్పుడు రాదు; శ్రమ తరువాత విశ్రాంతిలో వచ్చును. పరుగు, బరువు, గెంతు మొదలగునవి కండలను, యెముకలను కొంత అలయించును. పిమ్మట ఆహారమును, నిద్రను పొందినచో శరీరము ఆ యలసటను తీర్చుకొనుటయే గాక, మరునాటి శ్రమకు తాళునట్లు మునుపటికంటె కొంచెము గట్టిపడును. విశ్రాంతి నీయక మరల మరల శ్రమ పెట్టినచో గట్టిపడుటకు మారు అరిగిపోవును. మా పిల్ల యెముకనొప్పికి ఇదియే కారణము.

రెండవ సూత్రము: భారమును మెల్లమెల్లగా పెంచవలెను. దీనికి మన బతుకమ్మ పండుగయే మంచి యుదాహరణము. ఎంగిలిపూలనాడు చిన్న బతుకమ్మ. సద్దులనాడు పెద్ద బతుకమ్మ. మొదటినాడు చుట్టు తిరిగి వంగి లేచి చప్పట్లు కొట్టినప్పుడు మరునాటికి పిక్కలు పీకును. తొమ్మిదవనాటికి చాల ప్రొద్దుపోవువరకు ఆడినను అంత నొప్పి తోచదు. దినదినము కొంచెముగా అలవాటు పడుటయే దీనికి హేతువు. పరుగును గాని, బస్కీలను గాని వారమునకు పదింట ఒక వంతుకంటె మించి పెంచకుండుట మంచిదని వ్యాయామశిక్షకులు ఒక మోటులెక్క చెప్పుదురు. అది అందరికి ఒక్కటే కొలత కాదు గాని, తొందరను ఆపుటకు చాలును.

ఈ క్రమము ఎంతదూరము తీసికొనిపోగలదో చూడుడు. నిజామాబాదు జిల్లాకు చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25వ తేదీన, పదునాలుగేండ్లు నిండకమునుపే, ఎవరెస్టు శిఖర మెక్కెను. సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదివిన ఆ బాలిక మొదట ఎక్క నేర్చినది మన భువనగిరి కోటబండనే. నాడు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలతో పాటు భువనగిరియు నల్లగొండ జిల్లాలోనిదే. ఆ బండ తరువాత డార్జిలింగు కొండలు, ఆ తరువాత లడఖు చలి, అటుపిమ్మటనే ఎవరెస్టు. ఒక్కొక్క మెట్టును శరీరము ఓర్చుకొనిన పిమ్మటనే పైమెట్టు.

మూడవ సూత్రము: ఏ యాటకు ఆ యాటకు తగిన సాధన కావలెను. కబడ్డీలో ఒక కూతకు 30 సెకండ్లే గడువు. స్త్రీల ఆట సాధారణముగా పదునైదేసి నిమిషముల రెండు భాగములు. నడుమ అయిదు నిమిషముల విరామము. అందులో కావలసినది గంటసేపు ఒకే తీరున పరుగెత్తుట గాదు. చటుక్కున ముందుకు దూకుట, ప్రక్కకు తప్పుకొనుట, వెనుకకు మరలుట, పట్టుబడినప్పుడు తొడబలముతో గీతవరకు ఈడ్చుకొని వచ్చుట. కావున మా పిల్ల కాలువగట్టుపై పడిన శ్రమలో సగము ఆమె యాటకు పనికిరానిదే. ఇరువది ముప్పది అడుగుల చిన్నపరుగులు, నడుమ నడుమ తగినంత విరామము, బస్కీలు, దండీలు, త్రాడాట, ఒంటికాలిపై నిలకడ, ఇవి ఆమెకు తగినవి.

నాలుగవ సూత్రము: మానిన సాధన నిలువదు. మూడు నాలుగు వారములు పూర్తిగా మానినచో దమ్ము తగ్గును. సెలవులలో వారమునకు రెండు మూడు మారులు కొంచెము సాధన చేసినను చాలవరకు నిలుచును. పుట్టింట మేము ఆ పిల్లను ముద్దుచేసితిమే గాని, ఈ మాట తలపెట్టలేదు.

ఇక వారపు క్రమము. సోమ, గురువారములు కాళ్లకు, నడుమునకు, చేతులకు బలము నిచ్చు వ్యాయామము. మంగళ, శుక్రవారములు చిన్నపరుగులు, మెలకువలు. బుధవారము తేలికనడక. శనివారము ఆట. ఆదివారము పూర్తి విశ్రాంతి. ప్రతిదినము మొదట పది నిమిషములు మెల్లగా కదలి ఒడలు వెచ్చబడిన పిమ్మటనే గట్టిపని. పోటీకి ముందువారము శ్రమను పెంచరాదు; వేగమును నిలుపుకొని, పరిమాణమును దాదాపు సగమునకు తగ్గింపవలెను. వేసవిలో మన ప్రాంతమున ఎండ 45 డిగ్రీలకు చేరుచుండును గాన, ప్రొద్దెక్కకముందే సాధన ముగియవలెను.

ఇంతవరకు శిక్షకుల పని. ఇక మన పని. ఈ వయసు పిల్లలకు ఎనిమిది మొదలు పది గంటల నిద్ర వలయును. ఇంటిపనుల నిమిత్తము ఆడపిల్లనే చీకటితో లేపి, రాత్రి అందరికంటె వెనుక పరుండనిచ్చినచో ఆ నిద్ర ఎక్కడనుండి వచ్చును? ఆహారము మాట యింతకంటె గొప్పది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. రక్తము తక్కువైన పిల్ల ఎంత సాధన చేసినను ఆయాసపడును. మనము దానిని సోమరితన మందుము. జొన్నరొట్టె, ఆకుకూర, పప్పు, వేరుసెనగలు, నువ్వులు, వాడుక గల యిండ్లలో గ్రుడ్డు, మాంసము, ఇవి మగపిల్లవానికి పెట్టినట్లే ఆడపిల్లకును పెట్టవలెను. ఆకుకూరతో నిమ్మరసము చేరినచో అందలి యినుము ఒంటికి బాగుగ పట్టును. భోజనముతో టీ త్రాగినచో తగ్గును. అనుమానమున్నచో రక్తపరీక్ష చేయించుట మేలు.

బహిష్టుదినములలో వ్యాయామము హానికరమను మాట సరికాదు. ఒంటికి హాయిగా నున్నంత మేరకు ఆడవచ్చును. కొందరకు నొప్పి తగ్గును గూడ. కాని కఠినసాధన చేయుచు చాలినంత తినని పిల్లకు కొన్నినెలలు బహిష్టు ఆగినచో అది మేలుగుర్తు గాదు. యెముకలు బలహీనపడు ప్రమాదము గలదు. సిగ్గుపడక వైద్యురాలికి చూపవలెను. అట్లే యెముకపై ఒకచోట వ్రేలుపెట్టి చూపగలిగిన నొప్పి యున్నను, నడచునప్పుడు గాని, రాత్రి పడుకొన్నప్పుడు గాని నొప్పి యున్నను, దానిపై తోమింపరాదు. ఆట ఆపి వైద్యునికి చూపవలెను.

అక్కగారి అత్తగారు ఇదంతయు ఓపికగా వినిరి. సూర్యాపేటలో 2021 మార్చిలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు జరిగినవనియు, ఆసియా క్రీడలలో స్త్రీల కబడ్డీ ప్రవేశించిన 2010 లోను, తిరిగి 2014 లోను, 2023 లోను మన దేశపు స్త్రీలే స్వర్ణపతకము గెలిచిరనియు చెప్పితిని. ఆమె కొంతసేపు ఊరకుండి, "అయినచో కాలు బాగగువరకు పరుగు వలదు. పిమ్మట చూతము" అనిరి. ఆ "చూతము" మాకు చాలును.

వైద్యుడు కొన్ని వారముల విశ్రాంతి చెప్పెను. ఇప్పుడు ఆ పిల్ల తిరిగి మొదటిమెట్టునుండి ఆరంభించినది. ఆమె యొద్ద ఒక చిన్నపుస్తకము కలదు. ఎంతసేపు సాధన, ఎన్ని గంటల నిద్ర, ఏమి తిన్నది, ఎచ్చట నొప్పి, అన్నియు అందు వ్రాయుచున్నది. రాత్రి దానిని చదివి చూచునది మా యక్క. పోయిన వారము ఒకనాటి పుటలో "నిద్ర: ఆరు గంటలు" అని చూచి, మరునాటి ఉదయపు సాధన మాన్పించెనట. పిల్ల అలిగినదట. అయినను అక్క పట్టు విడువలేదు.

మీ యింట ఆడుకొను బాలిక యున్నచో ఆమెకు అట్టి పుస్తక మొకటి నేడే యిండు. "నీవు ఆటలో గెలిచితివా?" యని యడుగుటకంటె, "రాత్రి బాగుగ నిద్రపోతివా? కాలు నొప్పి యున్నదా?" యని ముందుగా అడుగుడు.